కొండమేస్త్రి చెరువు

పెద్దకొండను తయారుచేసినవాడు జీవితంలో ఒక్కసారి కూడా దాన్ని ఎక్కలేదు. ఇది దేవుడి గురించి కాదు. ఆయన ఎక్కాడో లేదో మనకు తెలియదు. మ్యూజియంలో గది నిండా పరుచుకుని ఉన్న ప్లాస్టర్ కొండ గురించి, దాన్ని చేసిన మేస్త్రి గురించి. ఎత్తంటే ఆయనకు కళ్లు తిరుగుతాయి. వయసులో ఉన్నప్పుడు పైకప్పులకు ప్లాస్టర్ పూలు అతికించే పనికి వెళ్లి, మూడో మెట్టు మీద నిచ్చెనను కావలించుకుని, ఎవరైనా వచ్చి దించేదాకా కళ్లు తెరవలేదట. నేలమీద నిలబడి చేసుకునే పనేదైనా చూసుకో నాయనా అని పెద్దలు హితవు చెప్పారు. విధి వినోదప్రియ కనుక, ఆ ప్రాంతంలోకెల్లా ఎత్తయిన శిఖరాన్ని నిర్మించే పని ఆయనకు దొరికింది. అప్పటినుంచి ఊరంతా ఆయన కొండమేస్త్రి.

ఆ కొండను మ్యూజియం గదిలో నిలబడి చూడవలసిందే. నడిమధ్య పెద్దకొండ, నెత్తిన మంచు వేసుకుని, పెత్తనం చేసే అత్తగారిలా నిటారుగా ఉంటుంది. చుట్టూ చిన్నకొండలు తోడికోడళ్లలా ఒకదానికొకటి వీపు పెట్టుకుని కూర్చుంటాయి. అడుగున ఆకురాల్చే అడవి, అందులో ఎలుగుబంట్లు, అడవిపందులు. దానిపైన సూదిమొనల ఆకుల చెట్లు, వాటి నీడన జింకలు. ఇంకా పైకి పోతే చెట్టన్నది ఉండదు. గడ్డివాలు, దానిమీద కొండమేకలు. ఆపైన జారుడు రాళ్లు, ఆపైన మంచు. మంచులో ఎవరూ లేరు, తీగకు వేలాడే ఒక్క గద్ద తప్ప. సర్వేవాళ్ల పటాలు, వేటగాళ్ల ఫొటోలు ముందు పెట్టుకుని మేస్త్రి ఇదంతా చేశాడు. పటాల్లో లేనిది మాత్రం భార్యను అడిగేవాడు.

ఆవిడ పుట్టింది ఆ గడ్డివాలు మీదే. తండ్రి మేకలు కాసేవాడు. శిఖరం నుంచి దిగే గట్టు కింద గాలి తగలని చోట వాళ్ల గుడిసె ఉండేదట. పెళ్లయి కిందికి వచ్చాక ఆవిడకు మేకలూ లేవు, గాలీ లేదు. మొగుడి బొమ్మకొండ ఒకటి మిగిలింది. దాంతోనే సర్దుకుంది. ఎలుగుబంటిని చూసి, అచ్చం మా పెదనాన్నే, బీడీ ఒకటి తక్కువ అని తేల్చింది. మేకలను చూసి ఒకనాడు అడిగింది:

"నీ మేకలన్నీ వెనక్కి చూస్తాయేమిటయ్యా? ఇంట్లో ఏదో మరిచిపోయి వచ్చినట్టు?"

మెడ పక్కకు తిప్పితే మందంగా వస్తుంది, విరగదు అని ఆయన వివరించాడు. ముందుకు చూసే మేకల మెడలన్నీ అప్పటికే చెత్తబుట్టలో ఉన్నాయి. సరేలే, మరిచిపోయేవాడు చేసిన మేకలు మరి ఎలా ఉంటాయి అని ఆవిడ ఆ చర్చను ముగించింది.

కొండను ముక్కలు ముక్కలుగా అచ్చుల్లో పోసేవారు. పోసే ముందు అచ్చుకు సబ్బునీళ్లు పూయాలి. లేకపోతే పోసిన ప్లాస్టరూ అచ్చూ ఒకటైపోతాయి, ఇక ఉలి పెట్టినా విడిపోవు. ఆ సబ్బు పని ఆవిడది. మేస్త్రి ప్లాస్టర్ కలుపుకుని వచ్చేసరికి అచ్చు తళతళలాడుతూ సిద్ధంగా ఉండేది. ఎవరు పూశారు, ఎప్పుడు పూశారు అని ఆయన ఏనాడూ చూడలేదు. పొద్దున సూర్యుడు వచ్చాడా అని ఎవరు చూస్తారు?

"మన పెళ్లికి సబ్బు పూయడం ఎవరో మరిచారు, అందుకే ఊడిరాలేకపోతున్నాను" అని పొయ్యి దగ్గర్నుంచి అంటుండేది. ఆయనకు జవాబు మర్నాటికి గాని తట్టేది కాదు. అప్పటికి ఆవిడ మరో మాట అనేసి ఉండేది.

ఆ గట్టు ముక్కను అచ్చులోంచి తీసిన రోజున, అది ఇంకా పచ్చిగా ఉండగానే, ఆవిడ సబ్బుగిన్నె కింద పెట్టి, వంగి, గట్టు కింద బొటనవేలు నొక్కింది.

"ఇదిగో, ఇక్కడ మా గుడిసె."

"వేలు తియ్యవే, ఆరిపోతుంది."

"ఆరనీ. ఎటూ వచ్చి చూసేవాడివి కాదు. కనీసం ఎక్కడుందో గుర్తన్నా పెట్టుకో."

ఆ గుంటను తరవాత పూడుద్దామనుకున్నాడు. మేస్త్రి తరవాతలు చాలా పొడుగు. ఈలోగా రంగులు వేసేవాడు వచ్చాడు. కొండల్లో పల్లం కనబడితే నీలం వేయడం రంగులవాడి ధర్మం, వేసి పోయాడు. గుడిసె ఉన్నచోట చెరువు వెలిసింది. ఆవిడ చూసి, చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుని కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వింది. పుట్టింటిని ముంచేసిన మొగుణ్ని నిన్నే చూశానయ్యా అంది. అంతగా నవ్వింది కదా అని ఆయన దాన్ని ఉండనిచ్చాడు.

మ్యూజియంలో ఉన్నది అబద్ధమని జనం అనుకోరు. కొండ చూడవచ్చినవాళ్లు చెరువు ఎక్కడని గైడ్లను అడగసాగారు. మేస్త్రి బావమరిది కూడా గైడే. మొదట్లో లేదని నిజం చెప్పాడు. నీకు దారి తెలియదులే అని వాళ్లు వేరే గైడును కుదుర్చుకున్నారు. దాంతో అతనికి జ్ఞానోదయమైంది. ఎండాకాలం ఎండిపోతుందండి, వానాకాలం పొగమంచులో కనబడదండి, మిగతా రోజుల్లో జింకలు తాగేస్తాయండి అని సంవత్సరం పొడుగునా లేని చెరువును పోషించాడు. అక్క వేలికి ఇంత పేరొస్తుందని ఎవరనుకున్నారు బావా అనేవాడు.

ఆవిడ మాత్రం ఏటా ఒకే మాట అడిగేది, ఒక్కసారి పైకి వెళ్లొద్దామని. ఆయన వానలు తగ్గనీ అనేవాడు, చలి పోనీ అనేవాడు, మోకాలు నెమ్మదించనీ అనేవాడు. కళ్లు తిరుగుతాయని మాత్రం అనేవాడు కాదు. ఆ సంగతి ఆవిడకు తెలియదని ఆయన నమ్మకం. ఆఖరికి ఆవిడకే దగ్గు పట్టుకుంది. మంచం మీద పడుకుని కిటికీలోంచి పెద్దకొండను చూస్తూ, పోనీలే, నీ కొండ దగ్గరికే తీసుకుపో, అది మ్యూజియం మెట్లంత ఎత్తేగా అంది. దగ్గు తగ్గనీ అన్నాడాయన. దగ్గు తగ్గలేదు. ఆవిడే పోయింది.

ఆ తరవాత కూడా మేస్త్రి రోజూ పొద్దున్నే వెళ్లి కొండకు దుమ్ము దులిపేవాడు. అడవులకు కుంచె, మంచుకు మెత్తటి గుడ్డ. చెరువుకు మాత్రం తన వేలు. ఆ వేలు అందులో పట్టేది కాదు, ఆవిడది చిన్నది. అయినా పెట్టి, కాసేపు ఉంచి, తీసేవాడు.

ఈ దశలో మ్యూజియానికి కొత్త సూపరింటెండెంటు వచ్చింది. మంచి మనిషి. ఆవిడ మీద మనకు ఎలాంటి ఫిర్యాదూ లేదు, అదే వచ్చిన చిక్కు. ఒక ముసలి జంట చెరువు వెతుక్కుంటూ గైడు లేకుండా పైకి పోయి, పొగమంచులో దారి తప్పి, జారుడు రాళ్ల మీద పడ్డారు. ముసలాయన కాలు విరిగింది. సూపరింటెండెంటు స్వయంగా ఆ గట్టు దాకా నడిచి వెళ్లింది. అక్కడ గడ్డి, నాలుగు మేకలు, పాత గోడ రాళ్లు కొన్ని తప్ప ఏమీ లేవు. తిరిగి వచ్చి మేస్త్రిని కుర్చీలో కూర్చోబెట్టి, అంత అందమైన పనిలో ఈ ఒక్క పొరపాటు ఎలా వచ్చిందో నాకు అర్థం కాలేదు, మీరే సరిచేస్తే బాగుంటుంది అని ఎంతో మర్యాదగా అడిగింది.

నిజం చెప్పవచ్చు. కానీ అది చెరువు కాదమ్మా, మా ఆవిడ అని ఆఫీసులో ఎలా చెప్పడం? అదీగాక విరిగిన కాలు విరిగిన కాలే. ఎంతపనమ్మా, రేపు పూడ్చేస్తాను అన్నాడు.

ఇంటికి పోతుంటే దారిలో ఆయనకు ఒక ఉపాయం తట్టింది. జీవితంలో మొదటిసారి మర్నాటిదాకా ఆగకుండా తట్టింది. గుంట అంటే అచ్చే కదా. అందులో ప్లాస్టర్ పోసి, ఆరాక బయటికి తీస్తే వచ్చేది వేలు. ఆవిడ బొటనవేలి కొస. దాన్ని జేబులో వేసుకుని, రెండోసారి పోసి గుంట పూడ్చేస్తే సరి. కొండకు కొండ, వేలికి వేలు. ఈ సంగతి బావమరిదికి చెబితే అతను ఏమీ జోకు వేయలేదు. రేపు నేనూ వస్తాను బావా అన్నాడు.

మర్నాడు మ్యూజియం తెరవకముందే ఇద్దరూ వెళ్లారు. మేస్త్రి ముందు నీలం రంగును గీకాడు, మేకపిల్ల ఒళ్లు తుడిచినంత సుతారంగా. రంగు పోయేసరికి కింద తెల్లటి ప్లాస్టర్, దానిలో సన్నటి గీతలు బయటపడ్డాయి. వేలిముద్ర. ఒక పక్కగా పాత కత్తిగాటు మచ్చ. ఎప్పుడో ఉల్లిపాయలు కోస్తూ తెగిన చోటు. ఇన్నేళ్లూ ఆ రంగు కింద అది అలాగే ఉంది. బావమరిది వంగి చూసి, కిటికీ దగ్గరికి వెళ్లి అటు తిరిగి నిలబడ్డాడు.

మేస్త్రి ప్లాస్టర్ కలిపాడు. ఉండలు లేకుండా, మీగడలా, తన జన్మలో అంత బాగా కలపలేదు. బుడగ రాకుండా కొనవేలితో తట్టుతూ గుంట నిండా పోశాడు. గోరువెచ్చనై, చల్లారి, గట్టిపడేదాకా పక్కనే కూర్చున్నాడు. తరవాత సన్నటి చాకు మొన అంచున పెట్టి మెల్లగా పైకి లేపాడు.

రాలేదు.

ఇంకోవైపు నుంచి లేపాడు. చాకు వంగింది. అప్పుడు ఆయన చెయ్యి దానంతటదే పక్కకు పోయింది, పనిచేసేటప్పుడు ఎప్పుడూ సబ్బుగిన్నె ఉండే వైపుకి. అక్కడ బల్ల ఖాళీగా ఉంది.

"ఏమైంది బావా?"

"సబ్బు" అన్నాడు మేస్త్రి.

బావమరిదికి అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. ఉలి పెట్టి చూద్దామా అన్నాడు. మేస్త్రి తల అడ్డంగా ఊపాడు. ఉలి పెడితే ఉన్నది కూడా పోతుంది.

"మీ అక్క చూసుకునేది" అన్నాడు, ఎవరికో సంజాయిషీ ఇస్తున్నట్టు. "అది నా పని కాదురా. నాకెప్పుడూ పూసే ఉండేది."

 తరవాత మేస్త్రి లేచి, పూడిన చోటును గరుకు కాగితంతో రుద్ది, గడ్డి రంగు వేశాడు. చేయమన్న పని అదే కదా, చక్కగా కుదిరింది. ఎక్కడ అతికిందో చేసినవాడికి కూడా తెలియకుండా కలిసిపోయింది.

సూపరింటెండెంటు వచ్చి చూసి నిజంగా సంతోషించింది. అయితే గట్టు కింద మరీ బోసిగా ఉంది, నేను వెళ్లినప్పుడు అక్కడ మేకలు కనబడ్డాయి కూడా, ఒకదాన్ని పెడదామా అంటూ అలమరలోంచి, మేస్త్రి చేసినవాటిలో మిగిలిన ఒక మేకను తీసింది.

"అక్కడ వద్దమ్మా" అన్నాడు మేస్త్రి. "అది మా ఆవిడ పుట్టిల్లు."

సూపరింటెండెంటు ఆయన ముఖం చూసింది. మేకను కొంచెం దూరంగా, పక్క వాలు మీద నిలబెట్టి, ముఖం మంచు వైపు తిప్పింది. ఎటు తిప్పితే ఏం, మెడ చేసినవాడు చేసినట్టే ఉంటుంది. అది వెనక్కి తిరిగి గట్టు కిందికే చూస్తోంది, ఏదో మరిచిపోయి వచ్చినట్టు.