మొక్కు కాని జుట్టు

కాదండీ, మొక్కు కాదు. ఎన్నిసార్లు చెప్పాలి? తిరుపతికీ కాదు, యాదగిరిగుట్టకీ కాదు. మొక్కు కాదనగానే "అయ్యో, ఇంట్లో ఎవరైనా పోయారా?" అని రెండో ప్రశ్న. ఎవరూ పోలేదు. మా ఇంట్లో అందరూ నిక్షేపంగా ఉన్నారు, నా జుట్టుతో సహా. మగవాడి జుట్టు భుజాలు దాటితే దేవుడి పేరో చావు పేరో చెప్పి తీరాలన్న రూలు ఎక్కడుందో చూపించమంటే మాత్రం ఒక్కరూ చూపించరు. బదిలీ మీద వికారాబాదు టెలిఫోను ఎక్స్ఛేంజికి వచ్చి ఇంకా టిఫిను డబ్బా పెట్టుకునే చోటు కూడా చూసుకోలేదు, అప్పుడే మొదలుపెట్టారు. అందుకే తాండూరులో జరిగింది మొత్తం ఒక్కసారి రాసి పారేస్తున్నాను. ఇకమీద అడిగినవాళ్ళు ఇది చదువుకోండి. నా నోరు బోర్డుకు కావాలి.

నాది టెలిఫోను ఆపరేటరు పని. పుట్టి పెరిగింది హైదరాబాదులో. పొద్దున్నుంచి ఫోను చెవికి ఉండి ఉండి, ఇంటికి పోయినా నా చెయ్యి దానంతటదే చెవి దగ్గరికి పోతుంటుంది. అమ్మ పిలిస్తే "నంబరు ప్లీజ్" అన్న రోజులున్నాయి.

మొదటి ఉద్యోగం తాండూరులో. అక్కడి ఎక్స్ఛేంజి అంటే నాపరాళ్ళు పరిచిన ఒక గది, గోడకు ఆనించిన బోర్డు, అంతే. ఊళ్ళో ఎవరైనా తమ ఫోను పిడి తిప్పితే బోర్డు మీద వాళ్ళ నంబరు మూత టక్కున పడుతుంది. నేను ప్లగ్గు పెట్టి పలుకుతాను. వాళ్ళు అడిగిన నంబరులో రెండో ప్లగ్గు పెట్టి, మాటలు కలిశాక నా మీట పైకి ఎత్తేస్తాను. ఆ మీట ఎత్తడం మరిచిపోతే నా గదిలో మాటలు వాళ్ళకూ వినిపిస్తాయి. హైదరాబాదు కావాలంటే వికారాబాదు మీదుగా పోవాలి. పప్పు మిల్లులు, బండల గనులు, ఆస్పత్రి, అందరికీ నేనొక గొంతును. ఆ గొంతు వెనక జుట్టెంత ఉందో ఎవరికీ తెలియదు, ఎవరికీ అక్కరలేదు.

ఎందుకు పెంచావంటే చెప్తాను. చిన్నప్పుడు నాన్న నన్ను గోడ పక్కన కూర్చునే మంగలి దగ్గరికి లాక్కుపోయేవాడు. ఆ మొద్దుబారిన మిషను వెంట్రుక కత్తిరించేది కాదు, పీకేది. "ఇంకా తగ్గించు, ఇంకా తగ్గించు" అని నాన్న వెనక నుంచి. నా తల మీద నా మాట తప్ప అందరి మాటా చెల్లింది. ఉద్యోగం దొరికాక మొదట చెల్లించుకున్న నా మాట ఇదే. పెరిగింది. బాగుంది. ఉంచుకున్నాను. ఇందులో కథేమీ లేదు.

తాండూరు సూపర్‌వైజరు సాబ్‌కు మాత్రం ఉంది. ఆయన నిజాం కాలంలో నౌకరీలో చేరిన మనిషి. అప్పట్లో తల మీద టోపీ లేకుండా దఫ్తరు గడప తొక్కనిచ్చేవాళ్ళు కాదట. నిజాం పోయాక టోపీ అక్కరలేదన్నారు. ఆయన తీసి బోర్డు పక్కన మేకుకు తగిలించారు. నేను వెళ్ళేనాటికి కూడా ఆ ఎర్రటోపీ అక్కడే ఉంది, వారానికోసారి దుమ్ము దులిపేవారు. మంచి మనిషే. జ్వరమొస్తే ఇంటినుంచి జావ పంపారు. కాని నా తల చూసినప్పుడల్లా బోర్డులో ఏదో తీగ తెగినట్టు ముఖం పెట్టేవారు.

ఇక లైన్‌మన్ అన్న. యాలాల దగ్గర గొర్లు కాసుకునే ఇంటివాడు. గొంగడి భుజాన వేసుకుని, స్తంభం మీదికి నిచ్చెన లేకుండా ఎక్కేవాడు. ఆయన జుట్టు నాకంటే పొడుగు. నడుము దాకా ఉండేది, పెద్ద ముడి చుట్టేవాడు. దాన్ని చూసి మాత్రం సాబ్ ఏనాడూ పల్లెత్తు మాట అనలేదు. ఎందుకంటే అది బీరప్పకు మొక్కిన జుట్టు. జాతర వచ్చిందంటే సాబే పిలిచి సెలవిచ్చి, "నా పేరున కూడ జర దండం పెట్టు" అని పంపేవారు.

ఇప్పుడు అర్థమైందా నా మంట? ఒకే గది, ఒకే సాబ్, రెండు జుట్లు. ఒకదానికి దండం, ఒకదానికి తిట్టు.

నా నౌకరీ ఇంకా పక్కా కాలేదు. వికారాబాదు నుంచి ఇంజినీరు దొర వచ్చి, పని చూసి, సరే అంటేనే ఉంటుంది. లేకపోతే పెట్టె సర్దుకుని మళ్ళీ నాన్న ముందు నిలబడాలి. దొర వచ్చే రోజు తెలియగానే సాబ్ నా వెనక వచ్చి నిలబడ్డారు.

"చూడు మియా, దొర వచ్చేలోపల మంగలి దగ్గరికి పోయి రా. లేకుంటే నీ గురించి మంచిగ చెప్పమంటే నా నోరెట్ల వస్తది?"

నేను అప్పుడే పప్పు మిల్లు సేటుకు గుల్బర్గా కలిపి ఉన్నాను. కోపంలో తలైతే తిప్పాను గాని మీట ఎత్తడం మరిచిపోయాను.

"నా పని బాగలేదా సాబ్?"

"పని బాగుంది."

"మాట బాగలేదా?"

"అరే, నీ గొంతు మస్తుగుంటది. తల గురించి మాట్లాడుతున్న."

"తలతోని ఫోను కలుపుతనా?"

"తమీజ్ అనేదొకటి ఉంటది! ఇది దఫ్తర్. నాటకాల కంపెనీ కాదు."

"మరి లైన్‌మన్ అన్నది?"

"ఆయనది మొక్కు! దేవుని సొమ్ము. నీది ఫ్యాషను." ఆయన గొంతు తగ్గించి దగ్గరికి వచ్చారు. "ఒక పని చేస్తవా? నువ్వు గూడ మొక్కు అను. ఏ దేవుడైనా ఫికర్ లేదు. నేను అడగ, దొర అడగడు. అయిపోతది."

"అబద్ధం చెప్పాల్నా?"

"దేవుని పేరు చెప్తె అబద్ధమెట్లయితది మియా?"

అప్పుడు నా చెవిలో ఫోను దగ్గింది. సేటు! గుల్బర్గా మనిషితో కందుల బేరం పక్కన పెట్టి మొత్తం విన్నాడు. "స్వామీ, మొక్కు అని చెప్పరాదు? ఊకె ఎందుకు లొల్లి? గుల్బర్గాయన గూడ అదే అంటున్నడు." అవతల నుంచి కన్నడంలో ఎవరో "హౌదు, హౌదు" అన్నారు.

ఇంకేముంది, సాయంత్రానికి ఊరంతా తెలిసింది. ఎవరు ఫోను ఎత్తినా నంబరు తరవాత, ముందు జుట్టు. "చెప్పినవా?" "ఏ దేవుడనుకున్నవ్?" ఆస్పత్రి వాళ్ళు కూడా! బండల గని గుమాస్తా ఒకాయన ఏ దేవుడైతే దొర తొందరగా నమ్ముతాడో విడమరచి చెప్పాడు. కోపంతో ఆయన ప్లగ్గు పీకేశాను. మళ్ళీ పిడి తిప్పి, "లైను కట్టయింది, ఏ దేవుని దాక చెప్పిన?" అని అడిగాడు.

ఎక్స్ఛేంజి ముందు జొన్నరొట్టెలు అమ్మే అవ్వ ఒకామె. రొట్టె తీసుకుంటుంటే నా తల కేసి చూసింది.

"ఏ దేవునికి విడిచినవ్ కొడుకా?"

"ఎవ్వరికీ లేదవ్వా. నాకే."

"అవ్వో! నీకు నువ్వే మొక్కుకున్నవా?" నవ్వి నవ్వి ఆమెకు దగ్గొచ్చింది. "మరి ప్రసాదం ఎవరికి పెడ్తవ్ రా?"

నేను నవ్వలేదు. ఆ వయసులో నాకు అంత తేలిగ్గా నవ్వు వచ్చేది కాదు, ఇప్పుడూ రాదు. అబద్ధం చిన్నదే, ఒప్పుకుంటాను. కాని దాంతో జుట్టు నిలిచినా అది నాది కాకుండా పోతుంది. మళ్ళీ నాన్న నా వెనక నిలబడ్డట్టే, ఈసారి నాన్న చోట దేవుడు. ఆ మాట లైన్‌మన్ అన్నకు చెప్పాను. ఆయన స్తంభం ఎక్కే కొక్కేలకు నూనె రాసుకుంటూ విన్నాడు. "జర ఆలోచించు తమ్మీ" అని మాత్రం అన్నాడు. నాకు ఆయన మీద కూడా కోపమొచ్చింది. దేవుడి నీడన హాయిగా కూర్చున్నవాడికి నా ఎండ ఏం తెలుస్తుందనుకున్నాను.

దొర పొద్దుటి బండికి దిగాడు. సన్నగా, పొడుగ్గా ఉన్నాడు. ఖాకీ టోపీ చంకలో పెట్టుకుని లోపలికి వచ్చాడు. బోర్డు చూశాడు, బ్యాటరీలు చూశాడు. లైన్‌మన్ అన్న మూలన కూర్చుని తీగ చుట్ట కడుతున్నాడు. నేను కాల్స్ కలుపుతున్నాను, దొర నా వీపు వైపు నిలబడి వింటున్నాడు. నా చెమట జుట్టులోంచి మెడ మీదికి దిగుతోంది.

"ఈ గొంతేనా నాకు రోజూ తాండూరు ఇచ్చేది?" అన్నాడు దొర.

"ఈయనే సాబ్," అన్నారు సూపర్‌వైజరు. తరవాత నేను నోరు తెరవకముందే, నన్ను కాపాడదామనే, గబగబా చెప్పేశారు. "ఆ జుట్టు మొక్కు సాబ్. దేవునిది."

ఊరుకుంటే అయిపోయేది. నా మంట ఊరుకోనివ్వలేదు. హెడ్‌ఫోను తీయకుండానే లేచి నిలబడ్డాను. తీగ లాగి మళ్ళీ కూర్చోబెట్టింది. కూర్చునే చెప్పాను.

"కాదు సార్. మొక్కు కాదు. నాకు ఇష్టమని పెంచుకున్నాను."

సాబ్ కళ్ళు మూసుకున్నారు.

"ఇష్టమా?" అన్నాడు దొర.

"అవును సార్. పనికి అడ్డమైతే ఇప్పుడే చెప్పండి."

దొర సాబ్ వైపు తిరిగాడు. "మరి మొక్కు అన్నారేం?"

సాబ్ ముఖం వాడిపోయింది. ఏదో ఒకటి చూపించాలి కదా, మూలకు చెయ్యి చూపించారు. "ఆయనది మాత్రం ఖచ్చితంగ మొక్కే సాబ్. బీరప్పకు. ఈ పిల్లగాడిది, ఇగ మీ ఇష్టం. తీయమంటె తీపిస్త."

అప్పుడు లైన్‌మన్ అన్న తీగ చుట్ట కింద పెట్టి నెమ్మదిగా లేచాడు.

"దొరా, నేనొక మాట చెప్పాలె. నాది గూడ మొక్కు కాదు."

సాబ్ కళ్ళు తెరిచారు. "ఏం మాట్లాడుతున్నవ్?"

"మొక్కింది నిజమే సాబ్. గొర్లకు రోగమొచ్చినప్పుడు మా అయ్య మొక్కిండు. గొర్లు మంచిగైనయి. జాతర్ల తలనీలాలు ఇచ్చేసిన. నౌకరీల చేరకముందే అయిపోయిందది."

"మరి ఇది?"

"గుండైనంక మెడ మీద ఏందో ఖాళీగ అనిపిచ్చింది. మల్ల పెంచుకున్న. నేను చేరిన దినం మీరే నా ముడి చూసి, 'బీరప్పదా?' అన్నరు. నేను ఊకున్న."

"ఊకున్నవా! ప్రతి ఏడు జాతరకు నిన్ను పిలిచి సెలవిచ్చిన గదయ్యా!"

"జాతరకు పోయిన గద సాబ్. మీ పేరున దండం గూడ పెట్టిన."

దొర పెదవి బిగపట్టాడు గాని ఆగలేదు. పకపకా నవ్వాడు. నవ్వు తగ్గాక కుర్చీ లాక్కుని సాబ్ ముందు కూర్చున్నాడు.

"ఇన్నేళ్ళు ఈయన స్తంభాలెక్కితే జుట్టు అడ్డమొచ్చిందా?"

"రాలే సాబ్."

"తీగలు సరిగ్గా కట్టాడా?"

"ఈయనంత మంచిగ ఎవరూ కట్టరు సాబ్."

"మొక్కు కాదని ఇప్పుడు తెలిసింది. రేపటినుంచి అడ్డమొస్తుందా?"

బోర్డు మీద మూత పడింది. ఎవరూ కదల్లేదు. సాబ్ మేకుకున్న ఎర్రటోపీ కేసి చూశారు, మా ఇద్దరి తలలు చూశారు. చివరికి నాపరాయి కేసి చూస్తూ అన్నారు. "రాదు సాబ్."

"అయితే ఈ అబ్బాయికీ రాదు." దొర నా వైపు తిరిగాడు. "బోర్డు ముందు కూర్చున్నప్పుడు వెనక్కి కట్టుకో. హెడ్‌ఫోనులో చిక్కుకుంటే నీకే నొప్పి. నౌకరీ పక్కా."

అంతే! అరవాలనిపించింది. ఫోను చెవికి ఉంది కాబట్టి అరవలేదు. పడిన మూత కింద ప్లగ్గు పెట్టి, నా జన్మలో పలకనంత గట్టిగా పలికాను, "నంబరు ప్లీజ్!"

సేటు. "స్వామీ, దొర వచ్చిండట. ఏమైంది? ఉందా, పోయిందా?"

"ఉంది సేటూ!"

"ఏది? జుట్టా, నౌకరీయా?"

"రెండూ!"

అవతల సేటు పెట్టిన కేకకు హెడ్‌ఫోను తీసి దూరం పట్టుకోవాల్సి వచ్చింది. గదిలో ముగ్గురూ విన్నారు. సాబ్ కూడా మూతి మీద చెయ్యి అడ్డం పెట్టుకున్నారు.

దొర వెళ్ళాక లైన్‌మన్ అన్న పాడైపోయిన ప్లగ్గు తీగ ఒకటి తీసుకుని, దాని మీది నూలు అల్లిక ఒలిచి, నా వెనక నిలబడి జుట్టు గట్టిగా కట్టాడు. "స్తంభం మీద తీగ కట్టినట్టే కట్టిన తమ్మీ. గాలి వానకు గూడ ఊడది." నేను మెడ తిప్పి చూశాను. నిజంగానే ఊడలేదు. నా ఎండ ఆయనకు తెలియదనుకున్నాను చూడండి.

ఆ తరవాతి జాతరకు సాబ్ ఎప్పటిలాగే అన్నను పిలిచారు. "మొక్కు లేకున్నా పోతవు గద, పో. దండం మరువకు." తరవాత నా వైపు చూసి, "నువ్వు గూడ పోతవా మియా? నీది నీకే మొక్కంట గద, అవ్వ చెప్పింది" అన్నారు. ఆ ఒక్కసారి నేనూ నవ్వాను.

ఆ నూలు అల్లిక ఇప్పుడు కూడా నా జుట్టుకే ఉంది. వికారాబాదు బోర్డు పెద్దది. తాండూరు, పరిగి, హైదరాబాదు అన్నీ నా చేతుల మీదుగానే పోతున్నాయి. చెవికి ఫోను, వీపు మీద జుట్టు, దేని పని అది చేసుకుంటోంది. ఇది చదివాక కూడా "ఆఫీసులో అదేం జుట్టు" అనేవాళ్ళు ఉంటారని తెలుసు. వాళ్ళను అడుగుతున్నాను, సూటిగా చెప్పండి: నా జుట్టు వల్ల మీ ఫోను ఎప్పుడైనా కలవకుండా పోయిందా?