ఒకటి నెత్తిన గీత

నా చిన్నప్పుడు నస్పూర్‌లో మా వాడకట్టు పిల్లలకు రూపాయి నోటు చేతికొస్తే, దాంతో ఏం కొనుక్కోవాలన్న ఆలోచన తర్వాత వచ్చేది. ముందు నంబరు చూసేవాళ్లం. చివర 786 ఉందంటే ఇక పండగే. మా పక్క క్వార్టర్‌లో ఉండే చాచా అలాంటి నోటు తెచ్చినవాళ్లకు బదులుగా రెండు రూపాయల నోటు ఇచ్చేవాడు. ముస్లింలకు ఆ అంకె దేవుడి పేరుతో సమానం. చాచా మా బాపులాగే బొగ్గు బాయిలో, అంటే గనిలో పనిచేసేవాడు. అలాంటి నోటు ఒకటి జేబులో లేనిదే బాయి దిగేవాడు కాదు. ఎక్కువైనవి దాచిపెట్టి రంజాన్‌కు చుట్టాల పిల్లలకు పంచేవాడు.

మేం కిరాణం సేటును బతిమాలి గల్లాపెట్టెలో నోట్లు తిరగేసేవాళ్లం. అవ్వ పోపుల డబ్బాలో దాచుకున్నవి కూడా వదిలేవాళ్లం కాదు. ఇంత వెతికినా ఏడాదికి ఒకటో రెండో దొరికేవి. అవి కూడా నాకు ఎప్పుడూ దొరకలేదు.

ఆ ఏడు మంచిర్యాలకు రంగులరాట్నం వచ్చింది. నా దగ్గర మేనమామ ఇచ్చిన రూపాయి నోటు ఒకటుంది. దాని చివర 186. ఎన్నిసార్లు చూసినా 186. ఒక్క గీత దగ్గర దేవుడు నాకు అన్యాయం చేశాడనిపించింది. ఆ గీతేదో నేనే గీస్తే పోలా అనుకున్నాను. అన్న సిరా పెన్ను తీసి, నాలుక కరుచుకుని, ఒకటి నెత్తిన చిన్న అడ్డగీత గీశాను. అంత శ్రద్ధ ఎక్కాల మీద పెట్టి ఉంటే మా పంతులు నన్ను నెత్తిన పెట్టుకునేవాడు.

చాచా ఆ నోటును అటూ ఇటూ తిప్పి చూశాడు. బొటనవేలితో తడిమాడు. తర్వాత నా మొహం చూశాడు. "మంచిగనే సంపాదించినవ్ బిడ్డా" అని రెండు రూపాయల నోటు చేతిలో పెట్టాడు. నేను ఆ సాయంత్రమే రంగులరాట్నం ఎక్కి కడుపు తిప్పేదాకా తిరిగాను.

మర్నాటి నుంచి మొదలైంది నా అవస్థ. ఫస్టు షిఫ్టుకు పోతూ చాచా మా గుమ్మం ముందు సైకిల్ ఆపేవాడు. మైనం కాగితంలో చుట్టిన నోటును జేబులోంచి కొంచెం పైకి తీసి చూపించేవాడు. "గియాల సుత నీ నోటే తోడు బిడ్డా. ఏమన్న జెప్పేదున్నదా?" అని నవ్వేవాడు. నేను లేదని తల అడ్డంగా ఊపేదాన్ని. మిగతా నోట్లన్నీ మొన్న రంజాన్‌కే పంచేశానని ఆయన చాచీతో అంటుంటే ఒకరోజు విన్నాను. అంటే ఆయనతో బాయిలోకి దిగుతున్నది నా దొంగ నంబరు ఒక్కటే. చెప్పేద్దామని రోజూ అనుకునేదాన్ని. సైకిల్ ఆగగానే తల దానంతటదే అడ్డంగా ఊగేది.

పంతొమ్మిది రోజులు అలాగే గడిచాయి. ఇరవయ్యో రోజు పొద్దున వేళ కాని వేళ సైరన్ మోగింది. లోపల కప్పు కూలిందన్నారు. బాపుది ఆ వారం రెండో షిఫ్టు, ఇంట్లోనే ఉన్నాడు. చాచా మాత్రం లోపలున్నాడు. చెప్పుల్లేకుండా పరుగెత్తుతున్న చాచీ కొంగు పట్టుకుని నేనూ పరుగెత్తాను. బాయి దగ్గర అందరూ ఎవరి దేవుణ్ణి వాళ్లు మొక్కుకుంటున్నారు. నాకు మాత్రం ఆ కప్పు కూల్చింది నా పెన్ను గీతే అనిపించింది. చాచా పైకి రాకపోతే ఆయన్ని చంపింది నేనే. ఎనిమిదేళ్ల పిల్లను, ఆ మాట ఎవరితో చెప్పుకోను?

చాలాసేపటికి చాచా పైకొచ్చాడు. మొహమంతా బొగ్గు, మోచెయ్యి చీరుకుపోయింది. దేవుడి దయ, ఎవరి ప్రాణానికీ ఏమీ కాలేదు. చాచీ ఆయన చేతులు పట్టుకుంది. నేను కాళ్లు పట్టుకున్నాను. "అది ఏడు గాదు చాచా, ఒకటి. నేనే గీసిన" అని అందరి ముందూ వెక్కివెక్కి ఏడ్చాను.

చాచా నా ముందు గొంతుకూర్చున్నాడు. "నాకెర్కనే బిడ్డా. గా దినమే సిరా నా ఏలికంటింది. నీ అంతట నువ్వే జెప్తవని సూసిన" అన్నాడు.

మరి తెలిసి తెలిసి దాన్నే పట్టుకుని బాయి ఎందుకు దిగావని అడిగాను. "పైనున్నాయన నంబరు సూసి కాపాడ్తడా? జేబుల పెట్టుకున్నది నీ కోసమే. రోజు సూస్తే జర యాదికుంటదని" అన్నాడు.

వెనకాలే వచ్చిన బాపు నా మీద చెయ్యెత్తాడు. చాచా లేచి ఆ చెయ్యి పట్టుకుని, చెప్పినంక కొట్టుడేందన్నా, మల్ల జెప్తదా అన్నాడు. తర్వాత వేలు తడి చేసుకుని నోటు మీది గీతను రుద్దాడు. పూర్తిగా పోలేదు, మసక మరక మిగిలింది. నోటు నా చేతిలోనే పెట్టేశాడు. అది ఏ సరుకుల్లో ఖర్చయిందో ఇప్పుడు నాకు గుర్తు లేదు.

ఆయనకు ఎన్నిసార్లు దండం పెట్టుకున్నానో చెప్పలేను. మొదటి రోజే మా బాపుకు ఒక్క మాట చెబితే నాకు నాలుగు దెబ్బలు పడేవి, నేను ఇంకా నేర్పుగా గీయడం నేర్చుకునేదాన్ని. చాచా చాచీకి కూడా చెప్పలేదు. ఒక పిల్ల తన బరువును తానే దించుకోవాలని రోజూ సైకిల్ ఆపాడు.

మొన్న మా మనవరాలు నా కళ్లద్దాలు విరగ్గొట్టి, జిగురుతో అతికించి, ఏమీ ఎరగనట్టు డబ్బాలో పెట్టేసింది. కోడలు కొత్తవి చేయిస్తానంటే అప్పుడే వద్దన్నాను. పక్కకు ఒరిగిన ఆ అద్దాలతోనే పేపరు చదువుతున్నాను. పిల్ల తలుపు చాటునుంచి చూసి చూసి పోతోంది. నాలుగు రోజులైంది, ఇంకా నోరు విప్పలేదు. విప్పకపోనీ. నా కోసం ఇరవై రోజులు ఓపిక పట్టిన మనిషి నాకు దొరికాడు. ఈ పిల్లకు నేను ఆ మాత్రం దొరకొద్దా?