మూడో ఖానాలో రాసిన చదువు

నాకు విదేశీ చదువు అందలేదని మా బంధువుల్లో ఈ తరం వాళ్లు అంటుంటారు. అది నిజం కాదు. అందింది. ఉత్తరం వచ్చింది. ఓడ ఎక్కవలసిన నెల కూడా అందులో ఉంది. వద్దని రాసింది నేనే, నా చేత ఎవరూ రాయించలేదు. ఈ మాట నా నోటితో ఇన్నేళ్లు ఎవరికీ చెప్పలేదు. చెబితే వెంటనే ఎందుకని అడుగుతారు.

మాది కొండగట్టుకు రెండు కోసుల దూరంలోని ఊరు. ఎత్తు గోడల మా ఇంటిని గడి అనేవారు, మా నాన్నను, అంటే మా బాపును, దొర అనేవారు. పోలీసు చర్యకు ముందే, ఊళ్లలో దొరల మీద తిరగబడ్డ సంఘం బలపడినప్పుడు, గడికి తాళం వేసి కరీంనగర్ చేరాం. తర్వాత చట్టాలు మారాయి, భూములు చేతులు మారాయి, తాళం మాత్రం అలాగే ఉండిపోయింది. పట్నంలో మేం అద్దెకున్నది రెండు గదుల పెంకుటిల్లు. బాపు రోజూ పొద్దున్నే షేర్వానీకి మెడ దాకా గుండీలు పెట్టుకుని, ఎవరూ రాని వసారాలో కుర్చీ వేసుకుని కూర్చునేవారు. ఎదురుగా ఒక చిన్న బల్ల. ఆ బల్ల మీద నా ప్రాస్పెక్టసులు ఉండేవి.

హైదరాబాదులో రసాయన శాస్త్రంతో బి.ఎస్సీ. ముగించి ఇంటికి వచ్చిన ఏడాది నాకు వేరే పని లేదు. గుమాస్తా పని చేయడానికి మనసొప్పలేదు, మరో పనికి పిలిచినవారు లేరు. ఇంగ్లండులోని యూనివర్సిటీలకు ఉత్తరాలు రాసేవాణ్ణి. వాళ్లు తమ కోర్సుల పుస్తకాలు ఉచితంగా పంపేవారు. ఓడలో రెండు మూడు నెలలకు చేరేవి. కాగితం నున్నగా ఉండేది, విప్పగానే ఒక రకమైన జిగురు వాసన వచ్చేది. ఏ భవనం ఎక్కడుందో, భోజనశాల నుంచి లాబరేటరీకి ఎటు మలుపు తిరగాలో ఆ పటాలు చూసి నేర్చుకున్నాను. కొన్ని ఊళ్ల దారులు నాకు కరీంనగర్ గల్లీలకన్నా బాగా తెలుసు.

బాపుకు ఇంగ్లీషు రాదు, ఉర్దూలో దిట్ట. సాయంత్రాలు నా చేత కోర్సుల పట్టికలు చదివించుకునేవారు. న్యాయశాస్త్రం, చరిత్ర దాకా తల ఊపేవారు. ఆ తర్వాత వచ్చేవి ఆయనకు నచ్చేవి కావు.

"ఏందిరా, గీ యూనివర్సిటీల రొట్టెలు కాల్చుడు గూడ సదువేనా?"

"అవును బాపు. రెండేండ్ల కోర్సు."

"మన వంటాయన బతికుంటె ప్రొఫెసరు అయ్యెటోడు గద!"

నవ్వడం మాకు అరుదైపోయిన రోజులవి. ఆ సాయంత్రం ఇద్దరం చాలాసేపు నవ్వాం. రంగులద్దకం, ఉన్ని, గాజు, కుండలు, చేపలు, అన్నిటికీ అక్కడ డిగ్రీలు ఉన్నాయి. బాపు చివరికి పుస్తకం మూసి "మనకు బారిష్టరీ ఉన్నది సాలు" అనేవారు. దానికి కావలసిన ఖర్చు మాట ఆయనా ఎత్తేవారు కాదు, నేనూ ఎత్తేవాణ్ణి కాదు.

హైదరాబాదు రాష్ట్రం ఇంకా ఉన్న చివరి రోజుల్లో ప్రభుత్వం వారి ప్రకటన పడింది. విదేశాల్లో చదవడానికి స్కాలర్‌షిప్పులు. ఏ చదువు పడితే ఆ చదువు కాదు, దేశానికి పరిశ్రమలు కావాలి కనుక పరిశ్రమల చదువులే. చక్కెర, గాజు, పింగాణీ, తోలు. ఒక్కోదానికి ఒక్కరే. దరఖాస్తులో మూడు ఖానాలు. మూడింటిలోనూ కోర్సు పేరు రాయాలి, ఖాళీగా వదిలితే చెల్లదు. మొదటి దాంట్లో చక్కెర రాశాను. రెండో దాంట్లో గాజు. మూడో దాంట్లో తోలు రాశాను. అది ఎవరూ కోరరు, కాబట్టి నింపడానికి పనికొస్తుందని నా లెక్క. ఎవరూ కోరనిదే నా మెడకు చుట్టుకుంటుందని ఇరవై రెండేళ్ల వయసులో తట్టలేదు.

ఇంటర్వ్యూలో మద్రాసు నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి కూర్చున్నాడు. చక్కెర గురించి ఒక ప్రశ్న, గాజు గురించి ఒక ప్రశ్న అడిగి, మూడో ఖానా చూసి కళ్లజోడు సర్దుకున్నాడు. మీ ప్రాంతంలో తోళ్లు ఎలా పదును చేస్తారని అడిగాడు. తెలియదని చెప్పి ఉంటే కథ అక్కడే ముగిసేది. తెలియదని చెప్పడం మా ఇంట్లో ఎవరికీ అలవాటు లేదు. సున్నం గుంట, తోళ్లు నానబెట్టే లంద, తంగేడు చెక్క అనే బెరడు నానిన నీళ్లు, తోలును సంచిలా కుట్టి ఆ నీళ్లు నింపి వేలాడదీయడం, అన్నీ వరుసగా చెప్పాను. చెక్కలోని టానిన్ తోలును ఎలా పట్టుకుంటుందో కాలేజీ చదువు కలిపి చెప్పాను. ఆయన ముఖం వికసించింది. ఇంత బాగా మీకెలా తెలుసని అడిగితే మా ఊళ్లో చూశానన్నాను. చూడలేదు. మా బంజర్లలో తంగేడు చెక్క కొట్టుకోవడానికి మాదిగవాడ పెద్దలు ఏటా గడికి వచ్చి అనుమతి అడిగేవారు. బదులుగా మా బావులకు మోట బొక్కెనలు, మా కాళ్లకు చెప్పులు వెట్టికి కుట్టి ఇచ్చేవారు. అరుగు మీద బాపు పక్కన కూర్చుని వాళ్ల మాటలు విన్నాను, అంతే. లంద దగ్గరికి ఎన్నడూ పోలేదు.

ఉత్తరం నెల తిరగకుండానే వచ్చింది. బాపు వసారాలోనే ఉన్నారు. విప్పి చదివాను.

"చక్కెరనేనా?" అన్నారు.

"కాదు బాపు. తోలు."

"ఏం తోలు?"

"తోళ్లు పదును చేసే చదువు. రెండేండ్లు."

ఆయన మెడ దగ్గరి గుండీ ఒకసారి తడుముకున్నారు. తర్వాత రెండు రోజులు నాతో మాట్లాడలేదు. కోప్పడతారని, వద్దంటారని నేను సిద్ధపడి ఉన్నాను. వద్దంటే నాకు సులువయ్యేది, జీవితమంతా ఆయన్ను నిందిస్తూ బతికేవాణ్ణి. ఆయన ఆ అవకాశం ఇవ్వలేదు. మూడో రోజు పొద్దున పిలిచి, గొంతు తగ్గించి చెప్పారు.

"పోరా. బారిష్టరీకి పోతుండని చెప్పుదాం. రెండేండ్లకు వస్తవు. వచ్చినంక ఏం సదివినవని ఎవడడుగుతడు?"

మా బాపు నోట నేను విన్న మొదటి అబద్ధం అది. దాన్ని నా కోసం తయారుచేశారు. ఇప్పుడు తలచుకుంటే అందులో ఎంత దూరం దిగివచ్చారో అర్థమవుతుంది. అప్పుడు మాత్రం అసహ్యం వేసింది. "అబద్ధం చెప్పి పోను" అన్నాను, మెడ నిటారుగా పెట్టి.

గుమ్మంలో అవ్వ, మా అమ్మను అలాగే పిలిచేవాణ్ణి, బియ్యం చేటతో నిలబడి ఉంది. ఆమె మగవాళ్ల మాటల్లోకి వచ్చే మనిషి కాదు.

"అబద్ధం చెప్పి పోనంటున్నవు. మంచిదే. నిజం చెప్పి పో మరి" అన్నది.

ఆమె చేట కింద పెట్టింది.

"బతుకమ్మకు తంగేడు పువ్వే వెడ్తం గద బిడ్డా. గా చెట్టు చెక్కనే లందల ఏస్తరు. చెట్టుకు లేని పట్టింపు నీకేంది?"

"నీకు తెల్వదు, ఊకో అవ్వా" అన్నాను. ఆమె చేట మళ్లీ ఎత్తుకుంది.

ఆ మంగళవారం అవ్వ మొక్కు ఉందని కొండగట్టు అంజన్న దగ్గరికి పోయి వచ్చింది. మరునాడు అన్నం పెడుతూ "ఒకపారి ఊరికి పోయి కండ్లార చూసిరా. చూసినంక ఏదన్న రాయి" అన్నది. సమ్మతి పంపడానికి ఇంకా పది రోజుల గడువుంది. సరేనన్నాను.

బస్సు దిగి ఊళ్లోకి నడిచాను. గడి ముందు నుంచి పోకుండా చెరువు గట్టు మీదుగా చుట్టు తిరిగి మాదిగవాడకు పోయాను. మా ఇంటికి చెప్పులు కుట్టిన ముసలాయన వేప నీడలో ఉన్నాడు. లంద చుట్టూ శుభ్రంగా ఊడ్చి ఉంది. తంగేడు చెక్క కట్ట విప్పి బండ మీద పరిచి ఉంది. మంచం మీద ఉతికిన గొంగడి వేసి ఉంది. పండుగ ఏదైనా ఉందేమో అనుకున్నాను.

"దండాలు చిన్నదొరా! గింత దూరం నడిసొచ్చిండ్రా? ఎనకట కబురంపితె మేమే ఉరుక్కుంట వస్తుంటిమి. గిప్పుడు దొరలే మా వాడకు రావట్టిరి. మంచి కాలమే వచ్చింది పో."

ఆ ఎత్తిపొడుపులో నవ్వు కూడా ఉంది. గొంగడి చూపించాడు. నేను కూర్చోలేదు.

"చెప్పుండ్రి, ఏం పని మీద వచ్చిండ్రు?"

ఆ మాట నాలుక మీదికి వచ్చింది. ఇంగ్లండులో నీ పనే నేర్చుకోబోతున్నాను, ఒకసారి చూపించు. అంతే చెప్పాలి. ఈ లోకంలో ఆ మాటకు నన్ను చిన్నచూపు చూడని మనిషి ఎవరైనా ఉంటే అది ఆయనే. ఆయన చేతులు మోచేతుల దాకా తంగేడు రంగులోకి తిరిగి ఉన్నాయి. వాటిని చూస్తూ అన్నాను.

"చెప్పులు గావాలె. ఒక జత."

ఆయన కాసేపు నా ముఖంలోకే చూశాడు.

"చెప్పులా?"

"అవును."

"చెప్పులే గద దొరా? ఇంకేం లేదు గద?"

"చెప్పులే."

ఆయన వంగి, నా పాదం పక్కన పుల్ల పెట్టి, నేల మీద గీత గీశాడు. "మీ బాపు కాలే. బొటనవేలు గూడ గట్లనే తిరిగింది. కొత్తగ కొలుచుడు దండుగ" అన్నాడు. గుడిసె ముందు ఆడుకుంటున్న మనవణ్ణి చూపించి, వాణ్ణి బడికి తోలుతున్నానని, వాడి చెయ్యి లందలో పెట్టనివ్వనని చెప్పాడు. మంచిదన్నాను. లంద వైపు చూడకుండా తిరిగి వచ్చాను.

"చూసినవా?" అని అడిగింది అవ్వ.

"చూసిన."

"అడిగినవా?"

"చెప్పులకు చెప్పొచ్చిన."

ఆమె లోపలికి పోయి పొయ్యి ఊదుకుంది.

ఆ రోజే ప్రాస్పెక్టసులో తోలు కోర్సు పేజీ తీశాను. విద్యార్థులు పని గదికి పాత బట్టలు తెచ్చుకోవాలని అడుగున ఒక నిబంధన. మా ఇంట్లో అప్పటికి పాత బట్టలు తప్ప మరేమీ లేవు. అయినా ఆ నిబంధన నన్ను అవమానించినట్టు అనిపించింది, అనిపించాలనే చదివానేమో. స్వంత కారణాల వల్ల రాలేనని రెండు వాక్యాలు రాసి పోస్టు చేశాను.

ఎంపిక జాబితాలో నా తర్వాతి నంబరు ఒక పంతులుగారి కొడుకుది. ఉల్లిపాయ ముట్టని ఇల్లు వాళ్లది. అతను జంధ్యంతోనే ఓడ ఎక్కి, జంధ్యంతోనే తిరిగి వచ్చి, పెద్ద ఉద్యోగంలో కుదిరాడు. వాళ్ల ఇంటి మడి ఏమీ చెడలేదు.

బాపు మాత్రం ఆ కథను తనకు కావలసినట్టు మార్చుకున్నారు. "సర్కారు పిలిచి ఇస్తనన్నా మావాడు వద్దన్నడు. మన అంతస్తుకు తగదన్నడు" అని వచ్చిన ప్రతివారికీ చెప్పేవారు. విన్నవాళ్లు నన్ను మెచ్చుకునేవారు. ఆ పదేళ్లలో జనం నన్ను మెచ్చుకున్న పని అదొక్కటే. బాపు పోయేదాకా ఆ మెచ్చుకోలుతోనే తృప్తిపడ్డారు. నేను ఒక్కసారి కూడా కాదనలేదు. ఆయన తర్వాత మూడేళ్లకు అవ్వ పోయింది.

ఆంధ్రప్రదేశ్ వచ్చాక ఆసిఫాబాద్‌లో బడి పంతులు ఉద్యోగం దొరికింది. ఎక్కడెక్కడి నుంచో ప్రాస్పెక్టసులు తెప్పించడం మానలేదు. విదేశీ కోర్సుల సంగతి నాకు తెలుసని పేరు పడింది. భైంసా నుంచి కూడా పత్తి వ్యాపారుల పిల్లలు వచ్చేవారు. ఏ కోర్సు ఎన్నేళ్లు, ఏ నెలలో దరఖాస్తు, చలికి ఏం తీసుకుపోవాలి, అన్నీ చెప్పేవాణ్ణి. నేను చూడని ఊళ్లలో వాళ్లు దారి తప్పకుండా భవనాల పటాలు గీసి ఇచ్చేవాణ్ణి. పోయినవాళ్లలో ఒకరిద్దరు ఉత్తరాలు రాశారు, మిగతావాళ్లు రాయలేదు.

పోయిన ఏడాది ఒక యువకుడు వచ్చాడు. బి.ఎస్సీ. మొదటి తరగతిలో ప్యాసయ్యాడు. ఊరి పేరు చెప్పగానే ఎవరో తెలిసింది. గుడిసె ముందు ఆడుకున్న మనవడు. వాళ్ల తాత పోయి ఆరేళ్లయిందన్నాడు. ప్రభుత్వం స్కాలర్‌షిప్పు దరఖాస్తు తెచ్చాడు. రూపం మారింది గాని ఖానాలు మూడే.

మొదటి దాంట్లో గనుల ఇంజనీరింగు రాయమన్నాడు. రెండో దాంట్లో భూగర్భ శాస్త్రం. మూడోది ఏం రాయాలని అడిగితే తలుపు దగ్గర విడిచిన నా చెప్పులు చూస్తున్నాడు.

"గవి మా తాత కుట్టినయి గద సార్? బొటనవేలి ఉంగటం చూస్తె ఎరుకైతది."

అవునన్నాను. ఆ జత అడుగులు రెండుసార్లు మార్పించాను, పైభాగం ఇంకా చెక్కుచెదరలేదు.

"గీ చెప్పుల ముచ్చట తాత ఎప్పుడు చెప్తుండె. మీరు వచ్చేకంటె ముందుగాల్నే మీ అవ్వ కొండగట్టు నుంచి మా వాడకు వచ్చిందట సార్. 'మావాడు వస్తడు. అడుగుతె అన్ని చూపెట్టు. అడగకపోతె నువ్వు ఎత్తకు, వాని మనసు చిన్నబోతది' అన్నదట. తాత రోజు పొద్దుగాల లంద సుట్టు ఊడ్పిచ్చి, చెక్క పరిపిచ్చి ఎదురుచూసిండట. మీరేమొ చెప్పులు గావాలె అంటిరట. ఒకటికి రెండుపార్ల అడిగిన, చెప్పులే అన్నడు అని నవ్వెటోడు."

అతని మాటలో దెప్పు లేదు. తాత కథ చెబుతున్నాడంతే. నేను కలం పట్టుకునే ఉన్నాను. పొయ్యి ఊదుతున్న అవ్వ వీపు కళ్ల ముందుకు వచ్చింది. ఆ తర్వాత పదమూడేళ్లు నాకు అన్నం పెట్టింది, ఒక్కనాడూ ఎత్తలేదు.

"మూడోది" అన్నాను. "ఖాళీగ ఉంటె తిప్పి పంపుతరు. ఏదో ఒకటి రాయాలె. తోలు ఉన్నది, చక్కెర ఉన్నది."

"వద్దు సార్. తోలు మా తాతతోనే అయిపోయింది. చక్కెర నాకు రాదు. మనసులేంది రాసి, అదే వస్తె ఏం జేస్త? తిప్పి పంపితె మల్ల రాస్త."

సంతకం చేయవలసిన చోటు చూపించి కాగితం అతని వైపు తిప్పాను. మూడో ఖానాలో అడ్డంగా ఒక గీత తనే గీసి, కింద తన పేరు రాశాడు.