అత్త సిమ్ము, ఆఫీసు ట్యాబు

ఆ రోజుల్లో అనగానే ఎడ్లబళ్ల కాలం ఊహించుకోకండి, నిన్నమొన్నటి మాటే ఇది. అందరి చేతుల్లోకీ ఫోన్లు వచ్చేసిన రోజులే. కాకపోతే మా ఉద్దానంలో సిగ్నల్ అనేది ఇంకా చుట్టపుచూపుగానే వచ్చిపోతుండేది. పలాసలో గలగలా మాట్లాడే సిమ్ము వజ్రపుకొత్తూరు దారి పట్టగానే మూగనోము పట్టేది. టెక్కలిలో పలికేది నందిగాంలో పలికేది కాదు. కంచిలి వైపు పోతే జిల్లా దాటకుండానే ఒడియాలో స్వాగతం చెబుతూ మెసేజి వచ్చేది. ఒక్కో ఊళ్లో ఒక్కో కంపెనీదే రాజ్యం. అలాంటి నేల మీద ఒకే ఒక్క కంపెనీ సిమ్ముతో, పళ్లెమంత ట్యాబు పట్టుకుని ఊరూరా తిరిగే ఉద్యోగం నాకు వచ్చింది. డిగ్రీ అయ్యాక దొరికిన మొదటి ఉద్యోగం. మెడలో ఐడీ కార్డు వేసుకుని అద్దంలో ఎన్నిసార్లు చూసుకున్నానో అడగకండి, చెప్పను.

తుఫానుకి మా వైపు కొబ్బరి చెట్లు వరసగా పడుకుండిపోయాయి. ఒక సంస్థ ముందుకొచ్చి, చెట్లు పోయిన ఇంటికల్లా రెండేసి కొబ్బరి మొక్కలు ఇస్తామంది. ఇంటివాళ్లని కూలిన చెట్టు పక్కన నిలబెట్టి ఫొటో తీసి, అక్కడి నుంచే ట్యాబులో పంపడం నా పని. పలాస వెళ్లి తీరిగ్గా పంపుతానంటే కుదరదు, ఫొటో తీసిన చోటి నుంచే వెళ్లాలి. ఫొటో వెళ్లని ఇంటికి మొక్క రాదు. మా సూపర్‌వైజరుకి మేం పెట్టుకున్న పేరు టై సార్. (ఉద్దానం ఉక్కపోతలో, కాళ్లు కూరుకుపోయే ఇసకలో కూడా ఆయన టై వదులు చేయగా చూసినవాళ్లు లేరు. ఎక్కడో పెద్ద ఊరి నుంచి వచ్చాడు, పాపం.) ట్యాబు ఇచ్చేటప్పుడే సిమ్ము పెట్టే చోట స్టిక్కరు అంటించి ఇచ్చాడాయన. "వేరే సిమ్ పెడితే ట్యాబ్ లాక్ అయిపోతుంది. అది లాక్ అయితే మీ ఉద్యోగం కూడా లాక్ అయినట్టే" అన్నాడు. నేను తల ఊపాను. అప్పటికి నాకు తల ఊపడం తప్ప ఇంకేం తెలుసు?

మిగతా ఊళ్లు ఎలాగో గట్టెక్కాయి. ఆఖరున మా ఊరు వచ్చింది. సముద్రానికి దగ్గర, సిగ్నల్‌కి దూరం. ట్యాబు పట్టుకుని మిద్దెలెక్కాను, ఒడ్డున బోర్లించిన పడవ ఎక్కాను, దిగాను. వల బాగుచేసుకుంటున్న వాళ్లు నన్ను చూసి నవ్వుకున్నారు. ఆఫీసు సిమ్ముకి చలనం లేదు. మా మేనత్త బటన్ ఫోను మాత్రం ఆమె గుమ్మంలోనే కులాసాగా పనిచేస్తోంది, దానిది వేరే కంపెనీ. ఆ ఫోనుతోనే టై సార్‌కి చెప్పుకున్నాను. "సిగ్నల్ లేని ఊళ్లకి 'ఇళ్లకు తాళం' అని పెట్టేసి వచ్చేయండి. రేపు సాయంత్రంతో గడువు అయిపోతుంది" అన్నాడాయన. ఏదో పెరుగు లేదు, మజ్జిగ పోసుకోండి అన్నంత తేలిగ్గా అన్నాడు. నేను ఫోను పట్టుకుని అత్త వైపు చూశాను. తలుపులు బార్లా తీసి ఉన్నాయి. గుమ్మంలో కాళ్లు చాపుకుని అత్త చాటలో జీడిపిక్కలు ఏరుకుంటోంది.

"ఏటంతన్నాడే మీ సారు?" అంది.

"మన వీదిలో ఎవులూ లేరని రాసీమంతన్నాడత్తా."

అత్త చాట పక్కన పెట్టింది. "మరి నానెవుల్ని?" అంది.

ఆ మాటకి నాకు కోపం అరికాలి నుంచి వచ్చింది. రోజూ కళ్లెదురుగా తిరిగే మనుషుల్ని, నన్ను ఎత్తుకుని పెంచిన మనుషుల్ని, లేరని నా వేలితో నొక్కాలట. అత్త గాజుకున్న పిన్నీసు తీసుకుని స్టిక్కరు పీకేశాను. అత్త ఫోను వెనక మూత తీసి, బ్యాటరీ తీసి, పెద్ద సిమ్మును ట్యాబుకి సరిపోయేలా దాని ప్లాస్టిక్ చట్రంలోంచి నెమ్మదిగా విడదీసి పెట్టాను. ట్యాబు ఏవో సెట్టింగులు అడిగితే అడిగినదానికల్లా సరే అన్నాను. మూలన నాలుగు గీతలు లేచాయి. లాకూ లేదు, గీకూ లేదు. ఇన్నాళ్లూ ఆ స్టిక్కరుకి భయపడి తిరిగినందుకు నా మీద నాకే ఒళ్లు మండింది.

అత్త సిమ్ముకి రోజూ వచ్చే నెట్టు, బటన్ ఫోనులో ఎవరికీ పనికిరాకుండా రోజూ వృథా అయ్యేది. మధ్యాహ్నానికి అదీ అయిపోయింది. అప్పుడు పక్కింటి సిమ్ము అడిగాం. మా వీధిలో తోడు పెట్టుకోడానికి పెరుగు అడిగినట్టు అడిగితే, అలాగే ఇచ్చారు. ఒకళ్లది అయిపోతే ఇంకొకళ్లది. ఇబ్బంది ఒక్కటే, సిమ్ముతో పాటు దాని చుట్టాలు కూడా వస్తారు. చెట్టు పక్కన ముసలాయన్ని నిలబెట్టి "ఇటు చూడు తాతా" అనేలోపు, ఎవరి వియ్యపురాలో ఫోను చేసి పిల్లకి నొప్పులొచ్చాయనేది. నేను ఆ కబురు మోసుకుని మూడిళ్ల అవతలికి పరిగెత్తేదాన్ని. ట్యాబులో ఫోను ఎత్తితే స్పీకరులో వీధంతా వినిపిస్తుంది కాబట్టి, నేను వెళ్లేసరికే కబురు చేరిపోయి ఉండేది. ఆ రెండు రోజుల్లో మా వీధి గుట్లు నాకు తెలిసినంతగా ఎవరికీ తెలియవు. (ఇప్పటికీ ఒకరిద్దరు నన్ను చూస్తే మాట మారుస్తారు.)

మర్నాడు సాయంత్రానికి ఒక్క ఇల్లు మిగిలింది, పక్కింటి అప్పది. (మా వైపు అక్కని అప్ప అంటాం.) ఆమె సిమ్ముతోనే ఫొటో పంపుతున్నాను, తెర మీద చక్రం తిరుగుతోంది. అప్పుడే జీపులోంచి టై సార్ దిగాడు. పీకేసిన స్టిక్కరు చూశాడు.

"ఆ సిమ్ తీసి, ట్యాబ్ ఇలా ఇవ్వండి" అన్నాడు.

"ఇవ్వను సార్" అన్నాను. నా గొంతు అంత గట్టిగా ఉంటుందని నాకే తెలియదు.

"ఉద్యోగం పోతుంది."

"ముందు ఫొటో పోనివ్వండి సార్. తర్వాత ఉద్యోగం పోనివ్వండి."

ట్యాబు గుండెకి హత్తుకుని ఉండగానే మోగింది. చెన్నైలో పనిచేసే అప్ప మొగుడు. ఫోను రాగానే చక్రం ఆగిపోయింది. కంగారులో నా వేలు తగిలి ఫోను ఎత్తినట్టయింది. "ఏటే, అన్నం తిన్నావేటి?" అన్నాడు బావ ప్రేమగా.

"హలో, ఎవరండీ?" అన్నాడు టై సార్.

బావ గొంతు మారిపోయింది. "నువ్వెవులివి? మా ఇంట్లో నీకేటి పని?"

"నేను సూపర్‌వైజర్ని. రూల్ ప్రకారం ఈ సిమ్ ఇందులో ఉండకూడదు."

"మా సిమ్ము ఎక్కడుండాలో నువ్వు సెప్తావేటి? ముందు మా ఇంటి ఫోటో ఎల్లిందో లేదో అది సెప్పు."

"బావా, నువ్వు పెట్టీసీ. నువ్వు మాటాడతంటే ఫోటో ఎల్లదు" అన్నాను. బావ పెట్టేశాడు. చక్రం మళ్లీ తిరిగింది. టై సార్ చెయ్యి చాచుకునే నిలబడ్డాడు, నేను ఇవ్వకుండానే నిలబడ్డాను. ఫొటో వెళ్లింది. అప్పుడు సిమ్ము తీసి అప్పకి, ట్యాబు, ఐడీ కార్డు టై సార్‌కి ఇచ్చేశాను. ఆ రాత్రి ఏడ్చాను. చేసినదానికి కాదు, ఆ కార్డు కోసం.

కొన్నాళ్లకి మొక్కల లారీ మా వీధిలోకి వచ్చింది. ఈసారి ట్యాబు టై సార్ చేతిలోనే ఉంది. మొక్కలు దించాలంటే అక్కడి నుంచి ఓ ఫొటో పంపాలట. స్టిక్కరు కొత్తగా అంటించి ఉంది, ఆఫీసు సిమ్ము పాతదే. ఆయన ట్యాబు ఎత్తి పట్టుకుని వీధి ఈ చివర నుంచి ఆ చివరకి నడిచాడు. పడవ కూడా ఎక్కాడు. ఎండలో మొక్కలు వాడుతున్నాయి, డ్రైవరు హారను కొడుతున్నాడు. చివరికి అత్త దగ్గరికి వచ్చి, "అమ్మా, మీ సిమ్ ఒక్కసారి" అన్నాడు చిన్న గొంతుతో.

"దాన్నడగండి బాబూ. నా సిమ్ముకి అదే పెద్ద" అంది అత్త, అరుగు మీద కూర్చున్న నన్ను చూపించి.

ఇక్కడ మీకు ఒక సంగతి చెప్పాలి. సిబ్బంది ఇళ్లకి మొక్కలు ఇవ్వకూడదని వాళ్లకి ఇంకో రూలు ఉండేది. అందుకే మా పెరట్లో నాలుగు చెట్లు పడిపోయినా అమ్మ పేరు పంపలేదు.

"ఇస్తాను సార్. నేనిప్పుడు మీ ఉద్యోగిని కాదు కదా, మా అమ్మకి కూడా రెండు మొక్కలు రాయండి" అన్నాను.

"మీ ఇంటి ఫొటో లేదు."

"ఇప్పుడు మీరే తీయండి."

టై సార్ నన్ను చూశాడు, లారీని చూశాడు. టై వదులు చేసుకున్నాడు. తన గోటితోనే స్టిక్కరు పీకాడు. మా పెరట్లో కూలిన చెట్టు పక్కన అమ్మనీ నన్నూ నిలబెట్టి, "కొంచెం నవ్వండి" అన్నాడు. నేను నవ్వలేదు. గడ్డం ఎత్తి నిలబడ్డాను.

ఆ రెంటిలో ఒక మొక్క ఎండకి పోయింది. రెండోది ఇప్పుడు ఇంటి కప్పు దాటింది. నేను టెక్కలిలో ఇంకో ఉద్యోగంలో కుదురుకున్నాను. ఇక్కడ తల ఊపడం బాగా అలవాటైంది, ఊపినందుకు మంచి పేరు కూడా వచ్చింది. సెలవుకి ఇంటికి వెళ్లి ఆ చెట్టు కింద కూర్చున్నప్పుడు, ఆ ఫొటోలో గడ్డం ఎత్తి నిలబడిన అప్పటి పిల్ల ఇప్పుడు మా ఆఫీసులో చేరితే ఎన్నాళ్లు ఉంటుందా అని ఆలోచిస్తాను. వారం కూడా ఉండదు. ఆ వారం రోజులూ మాత్రం నేను దాని పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుంటాను.