మూడోసారి అనలేకపోయిన పాట

ఆకివీడు చేపల మార్కెట్లో ఏళ్ళ తరబడి వేలంపాట నడుపుతున్నాను. లారీ హారన్లను మించిన గొంతు నాది. రాగం తీయమంటే మాత్రం ఆ గొంతు పిల్లిలా నక్కుతుంది.

మొన్న తాడేపల్లిగూడెంలో మా తమ్ముడి కూతురి పెళ్ళి రిసెప్షన్‌లో కరోకే పెట్టారు. "పెదనాన్నగారూ, మీకోసం తేలికైన పాటే పెట్టించానండి. గొంతు పెంచక్కర్లేదు, తెర మీద మాటలు చూసి చదివేయడమే" అంటూ పెళ్ళికూతురే మైకు చేతికిచ్చింది. కొత్త వియ్యాలవారంతా ముందు వరసలోనే ఉన్నారు. కాదనలేకపోయాను.

కళ్ళజోడు మా ఆవిడ సంచిలో ఉండిపోయిందని స్టేజీ ఎక్కాక గుర్తొచ్చింది. సంగీతం సాగిపోతోంది. తెర మీద అక్షరాలు చేపపిల్లల్లా పరిగెడుతున్నాయి. అందరూ నా నోటివంకే చూస్తున్నారు. అంతమంది అలా చూస్తుంటే నా నోటికొచ్చే మాట ఒక్కటే.

"ఒకటోసారీ..." అనేశాను.

సిగ్గుతో దిగిపోబోతుంటే, మా మార్కెట్‌కొచ్చే గణపవరం వ్యాపారి వెనక వరసలోంచి అలవాటు చొప్పున చెయ్యెత్తి, "ఇంకో పది వేసుకోండి" అన్నాడు. హాలంతా గొల్లున నవ్వింది. వియ్యంకుడుగారు కూడా లేచి, "మా తరఫున ఇంకో పదండి" అన్నారు. దాంతో నా గొంతు తెరుచుకుంది. తాళానికి సరిగ్గా "రెండోసారీ..." అని సాగదీస్తూ, సంగీతం ఆగేదాకా పాట నడిపించాను.

కిందికి దిగాక మా ఆవిడ కళ్ళజోడు చేతికిస్తూ, "మూడోసారి అనలేదేమండీ?" అని అడిగింది.

"అంటే పాట అయిపోతుంది కదా" అన్నాను.

పెళ్ళికూతురు వచ్చి అడిగేదాకా మైకు నా చేతిలోనే ఉందన్న సంగతి గమనించలేదు.