పళ్లెంలో బాపు

వెనిగర్ సీసా మూత తీస్తే చాలు, ఆ పుల్లటి వాసనకు కరీంనగర్‌లో బాపు వెళ్లే ఫొటో క్లబ్బు చీకటిగది గుర్తొస్తుంది. మా ఇంట్లో నాన్నంటే బాపు, అమ్మంటే అవ్వ. అక్కడ ఎర్రదీపం కింద బాపు తెల్లకాగితాన్ని ట్రేలో ముంచి ఊపితే, మెల్లగా మనుషుల ముఖాలు తేలేవి. ట్రేలో ఉన్నది ఫొటో కడిగే మందని ఆ వయసులో తెలియక, నీళ్లే అనుకున్నాను.

బాపు దుబాయి వెళ్లాక ఇంట్లో అవ్వా నేనూ మిగిలాం. చూస్తే ఆయన ఫొటో ఒక్కటీ లేదు. అన్నీ తీసింది ఆయనే మరి. ఒకరోజు ఆయన దాచుకున్న ఫొటో కాగితం ఒకటి తీసి, పళ్లెంలో నీళ్లు పోసి ముంచి, ఊపుతూ కూర్చున్నాను.

"ఏం జేస్తున్నవ్ బిడ్డా?" అని అడిగింది అవ్వ.

"బాపు వస్తుండు. జర ఆగవ్వా."

అవ్వ తిట్టలేదు. నా పక్కనే కూర్చుంది. వెలుతురుకు కాగితం నల్లబడుతోంది. అవి ఉత్త నీళ్లేనని ఆమెకు తెలిసే ఉంటుంది. అయినా పొయ్యిమీద అన్నం మాడిన వాసన వచ్చేదాకా ఆ పళ్లెం మీంచి చూపు తిప్పలేదు.