టైలరక్క అడిగిన మాట

పరాయి దేశంలోని ఆ పేటలో వలసొచ్చిన మనవాళ్ళ ఇళ్ళు నలభైకి మించవు. వాళ్ళందరి బట్టలూ సరిచేసేది ఒక్కామే. చిన్నాపెద్దా అందరికీ ఆమె టైలరక్క. నోట్లో గుండుసూదులు పెట్టుకునే కబుర్లు చెప్పేది. "నీ నడుం పెరగలేదమ్మా, గుడ్డే కుంచించుకుపోయింది" అని నవ్వించేది.

ఏడేళ్ళ కిందట ఆమె భర్త పనిచేసే చోట నిచ్చెన మీంచి పడ్డాడు. గుండె కొట్టుకుంటోంది గాని మెదడు పూర్తిగా చచ్చిపోయిందన్నారు. నర్సు పక్కన కూర్చుని అవయవదానం మాట మెల్లగా ఎత్తింది.

"ఆయన్ని ముక్కలు చేస్తారా? మావాళ్ళలో ఇలాంటివి లేవు" అని టైలరక్క తెగేసి చెప్పింది. నర్సు మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

తర్వాత మూడేళ్ళకు ఆమె తమ్ముడికి కిడ్నీలు పాడయ్యాయి. వారానికి మూడుసార్లు డయాలసిస్. తన కిడ్నీ ఇస్తానంది. ఆమెకు షుగరుందని డాక్టరు ఒప్పుకోలేదు.

"వేరే కిడ్నీ దొరకడానికి ఇంకెన్నాళ్ళు డాక్టరుగారూ?"

"చెప్పలేనమ్మా. సరిపోయేది మీవాళ్ళలో దొరికే అవకాశమే ఎక్కువ. కానీ మీవాళ్ళలో ఇచ్చేవాళ్ళు చాలా తక్కువ."

ఇంటికొచ్చాక తమ్ముడి ముందు బావురుమంది. "ఆ రోజు నేనే కాదన్నాన్రా. మీ బావవి నీలాంటివాడికెవరికో పనికొచ్చుండేవేమో."

"అప్పుడు నీకేం తెలుసక్కా? ఇప్పుడు తెలిసిందిగా, నలుగురికీ చెప్పు. నేను పోతే నావి ఏవి పనికొస్తే అవి ఇచ్చెయ్యి."

డయాలసిస్ మొదలైన నాలుగో ఏడు నిండకుండానే ఒక ఉదయం వాడి గుండె ఆగిపోయింది. ఈసారి నర్సు నోరు తెరవకముందే ఆమే అడిగింది, "మా తమ్ముడివి ఏమైనా పనికొస్తాయా అమ్మా?" కళ్ళు పనికొస్తాయన్నారు. సంతకం చేసింది.

నెల తిరక్కుండా మనవాళ్ళ సంఘం సమావేశంలో లేచి నిలబడి, జరిగింది జరిగినట్టు చెప్పింది. తను కాదన్న సంగతి కూడా దాచలేదు.

"శుభమా అని కలుసుకుంటే ఈ చావు మాటలేంటమ్మా?" అని వెనక వరసలో ఒక పెద్దాయన విసుక్కున్నాడు.

"నేనూ అలాగే అన్నాను బాబాయ్‌గారూ. ఇష్టం లేకపోతే వద్దనండి. కానీ ఇంట్లో కూర్చుని మాట్లాడుకుని వద్దనండి. ఆసుపత్రిలో ఆ ఘడియకి ఏదీ తోచదు."

ఆ రోజు ఆమె దగ్గర అవయవదానం ఫారాలు తీసుకున్నది ముగ్గురే. మరుసటి వారం ఆ పెద్దాయన ప్యాంటు కురచ చేయించుకోవడానికి వచ్చాడు. కాసేపు నసిగాడు.

"మాలాంటి ముసలాళ్ళవి ఎవరిక్కావాలమ్మా?"

"అది డాక్టర్లు చూసుకుంటారు బాబాయ్‌గారూ."

"అయితే రెండు ఫారాలివ్వు. మీ పిన్ని కూడా అడుగుతోంది."

టైలరక్క మిషను ఆపి ఫారాలు తీసింది. ఆయన కళ్ళజోడు మరిచిపోయి వచ్చాడు. ప్రతి ప్రశ్నా ఆమే చదివి వినిపించింది.